నల్ల పొగ కథ: పాత స్పోర్ట్స్ కారు పెట్రోలు ఎందుకు ఎక్కువ తాగుతుంది?

ఈ వారం ఎపిసోడ్‌లో పాత స్పోర్ట్స్ కార్ల గురించి మాట్లాడుకుంటూ, ఇంజను పెట్రోలు ఎక్కువ తాగే జబ్బు దగ్గరకొచ్చేసరికి టైం అయిపోయింది. కంప్యూటర్ తగిలించి చూసే సౌకర్యం లేని రోజుల్లో ఆ జబ్బుకి కారణం ఎలా కనిపెట్టేవాళ్ళని విన్నవాళ్ళు అడిగారు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆ సంగతి నాలుగు వాక్యాల్లోనే ముగిసిపోయింది. ఇక్కడ తీరిగ్గా చెప్పుకుందాం.

ముందుగా ఒక స్పష్టత. ఇక్కడి మాట పెట్రోలు కారిపోవడం గురించి కాదు, ఉన్న గాలికి మించి పెట్రోలు ఇంజన్లోకి వెళ్ళడం గురించి. మెకానిక్కులు దీన్ని "రిచ్" అంటారు, తక్కువైతే "లీన్". ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు అంతకంటే ఎక్కువైతే ఆక్సిజన్ చాలదు, సగం కాలిన కార్బన్ మోనాక్సైడ్, మసి, కాలని పెట్రోలు సైలెన్సర్ లోంచి బయటికొస్తాయి. వత్తుల స్టవ్వు మీద వంట చేసిన ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మంట నీలంగా ఉంటే సరే, పసుపుకి తిరిగిందంటే గిన్నె అడుగు నల్లబడుతుంది. ఇంజన్లో నల్లబడేది స్పార్క్ ప్లగ్గు.

నల్లబడటంతో ఆగితే ఎవరికీ బాధ లేదు. ఎక్కువైన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరని కడిగేసి, రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పల్చబడితే బేరింగులు అరుగుతాయి. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే పెట్రోలు వాసన వస్తుంది. మైలేజీ తగ్గిందని వచ్చినవాడు చివరికి ఇంజను విప్పించుకుని వెళ్ళే పరిస్థితి అలా వస్తుంది.

ఈ బాధకి అన్నిటికంటే ఖరీదైన ఉదాహరణ 1954లో వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్ఎల్, రెక్కల్లా పైకి లేచే తలుపుల కారు. బాష్ కంపెనీ మెకానికల్ పంపుతో పెట్రోలుని నేరుగా సిలిండర్లోకే చిమ్మే ఏర్పాటు అది. యుద్ధకాలపు జర్మన్ విమాన ఇంజన్ల నుంచి వచ్చిన విద్య. ఆ పంపు ఇంజను తిరిగినంతసేపూ తిరిగేది. తాళంచెవి తిప్పి కారు ఆపితే స్పార్క్ వెంటనే ఆగిపోతుంది గానీ ఇంజను ఇంకొన్ని చుట్లు తిరిగి గానీ ఆగదు. ఆ కొన్ని చుట్లలోనూ పంపు పెట్రోలు కొడుతూనే ఉండేది. కాల్చడానికి నిప్పు లేదు కాబట్టి అది గోడలు కడిగి ఆయిల్లో కలిసేది. దానికి తోడు రేసుల కోసం పెట్టిన పెద్ద ఆయిల్ కూలర్ ఆయిల్ని వేడెక్కనిచ్చేది కాదు. వేడెక్కితే కలిసిన పెట్రోలు కొంతైనా ఆవిరైపోయేది. అందుకే ఊళ్ళో చిన్న చిన్న దూరాలు తిప్పేవాళ్ళకి ఈ కారు పడేది కాదు, ఆయిల్ చాలా తరచుగా మార్చాల్సొచ్చేది. ఇందులో చెడిపోయిన భాగమంటూ ఒక్కటీ లేదు. డిజైనే అలా ఉంది.

అదే కాలంలో సామాన్యుడి స్పోర్ట్స్ కారు ఎంజీఏ. 1955లో వచ్చింది, 1489 సీసీ ఇంజను, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు. ఇక్కడ మనకి ఒక చుట్టరికం ఉంది. ఉత్తరపారాలో తయారైన మన అంబాసిడర్, మొదటి రోజుల సైడ్ వాల్వ్ ఇంజను పోయాక వాడినది ఇదే 1489 సీసీ బి-సిరీస్ కుటుంబపు ఇంజను. దాని మీద ఒకటే కార్బురేటర్, అదీ చాలా ఏళ్ళు ఎస్‌యూ. కాబట్టి విజయవాడలోనో వరంగల్లోనో అంబాసిడర్ టాక్సీలు బాగుచేసిన మేస్త్రికి ఇంగ్లండు స్పోర్ట్స్ కారు హుడ్ ఎత్తి చూపిస్తే (అవును, మనవాళ్ళకి అది బానెట్టే) సగం పని తెలిసినదే.

ఎస్‌యూ కార్బురేటర్ పనితనం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. గాలి ఎంత లాగితే లోపలి పిస్టన్ అంత పైకి లేస్తుంది. దాని అడుగున వేలాడే సన్నని సూది, కొసకి పోయేకొద్దీ సన్నబడుతూ, జెట్ రంధ్రంలో ఉంటుంది. పిస్టన్ లేచేకొద్దీ రంధ్రం తెరుచుకుని పెట్రోలు ఎక్కువ వస్తుంది. గాలి, పెట్రోలు వాటికవే తూగుతాయన్నమాట. చోక్ లాగితే జెట్ కిందికి దిగి మరింత తెరుచుకుంటుంది. రిచ్ అవడానికి కారణాలన్నీ కంటికి కనపడేవే. చోక్ తోసేసినా జెట్ పైకి రాక కిందే ఇరుక్కోవడం, ఫ్లోట్‌కి చిల్లు పడి మునిగిపోవడం, ఫ్లోట్ పైన సూది వాల్వ్ అరిగి మూసుకోకపోవడం, ఏళ్ళ తరబడి రాసుకుని జెట్ రంధ్రం కోలగా అవడం.

పరీక్షకి కావలసింది ఒక వేలు. చాలా ఎస్‌యూలకి అడుగున చిన్న పిన్ను ఉంటుంది. ఇంజను ఐడిల్‌లో ఉండగా దాన్ని నొక్కి పిస్టన్‌ని మిల్లీమీటరు లోపే పైకి లేపాలి. అలా లేపితే మిశ్రమం కాస్త లీన్ అవుతుంది. ఇంజను వేగం పెరిగి అలాగే నిలబడిందా, ముందే రిచ్‌గా ఉందన్నమాట. తడబడి ఆగిపోబోయిందా, లీన్. ఒక్క క్షణం రవ్వంత పెరిగి మామూలుకి వచ్చిందా, సరిగ్గా ఉంది. దీని మీద నాకు మహా గౌరవం. జబ్బు పేరు ఊహించకుండా, ఇంజన్నే ఒక ప్రశ్న అడిగి జవాబు వినడం ఇది. గాజు కిటికీ ఉన్న స్పార్క్ ప్లగ్గు కూడా ఒకటి అమ్మేవాళ్ళు, కలర్‌ట్యూన్ అని. సిలిండర్లో మంట రంగు కనపడేది: నారింజ అయితే రిచ్, నీలమైతే సరి. మళ్ళీ వత్తుల స్టవ్వే.

ఈ వేలి పరీక్షల కాలాన్ని ముగించింది లాస్ ఏంజెలెస్ ఆకాశం. 1943 నుంచి ఆ ఊరిని కళ్ళు మండించే పొగమంచు కమ్మేది. కాల్‌టెక్‌లో పనిచేసిన ఆరీ హాగెన్‌స్మిట్ 1950ల మొదట్లో దాని రహస్యం విప్పారు. కాలని ఇంధనపు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయని చూపించారు. 1967లో కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షుడూ ఆయనే అయ్యారు. 1970 నాటి క్లీన్ ఎయిర్ యాక్ట్ కార్ల పొగలోని విషాన్ని 90 శాతం తగ్గించాలని పట్టుబట్టింది. అంతవరకు రిచ్‌గా నడిచే కారు ఓనరు జేబు సమస్య. ఆ తరవాత అది చట్టం సమస్య కూడా.

కార్బురేటర్‌తో ఈ లెక్క కుదరదని తేలిపోయింది. కరెంటుతో పెట్రోలు చిమ్మే ఆలోచన కొత్తదేం కాదు. అమెరికన్ కంపెనీ బెండిక్స్ ఎలక్ట్రోజెక్టర్ పేరుతో 1950ల చివర్లోనే తయారు చేసింది, క్రైస్లర్ 1958 మోడల్ కార్లు కొన్నిటికి పెట్టింది కూడా. అప్పటి ఎలక్ట్రానిక్స్ కారు హుడ్ కింది వేడికీ కుదుపుకీ తట్టుకోలేదు. ఆ కార్లలో చాలావాటికి తిరిగి కార్బురేటర్లే బిగించారు. ఆ పేటెంట్ల ఆధారంగా బాష్ తయారు చేసిన డి-జెట్రానిక్, 1967లో అమెరికాకి వచ్చే ఫోక్స్‌వాగన్ 1600తో బజారులోకి దిగింది. పోర్షా 914, వోల్వో 1800ఇ లాంటి స్పోర్ట్స్ కార్లూ అదే వాడాయి. డి అంటే జర్మన్‌లో ద్రుక్, ఒత్తిడి. ఇన్‌టేక్ గొట్టంలోని ఒత్తిడి చూసి గాలి ఎంత వస్తోందో ఊహించడం దాని పద్ధతి. 1970ల మొదట్లో వచ్చిన ఎల్-జెట్రానిక్‌లో ఎల్ అంటే లుఫ్ట్, గాలి. ఇది ఊహించదు, గాలి దారిలో ఒక రేకు తలుపు పెట్టి అది ఎంత తెరుచుకుందో కొలుస్తుంది.

ఈ రెండక్షరాల తేడా తెలియక పాడైన కార్లు చాలానే ఉంటాయని నా అనుమానం. ఎల్-జెట్రానిక్‌లో ఆ తలుపు దాటాక రబ్బరు గొట్టం ఎక్కడైనా చిట్లితే కొలతకి అందని గాలి లోపలికొస్తుంది, ఇంజను లీన్ అవుతుంది. డి-జెట్రానిక్‌లో ఒత్తిడి సెన్సర్‌కి వెళ్ళే గొట్టం చిట్లితే సెన్సర్‌కి బయటి గాలి ఒత్తిడే తెలుస్తుంది. డ్రైవరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాడనుకుని కంప్యూటర్ ఐడిల్‌లోనే పెట్రోలు కుమ్మరిస్తుంది, నల్ల పొగ. ఆ సెన్సర్ లోపలి పల్చని రేకు పగిలినా ఇదే ఫలితం. అంటే చిట్లిన గొట్టమే ఒక కారులో ఒక జబ్బు, ఇంకో కారులో సరిగ్గా దానికి ఎదురు జబ్బు. ఒక దాని మీద నేర్చిన అనుభవం రెండో దాని మీద వాడితే తప్పుదారే.

ఇక మన ముఖ్య పాత్ర: డాట్సన్ 280 జెడ్. (అమెరికాలో "జీ" అనాలి, లేకపోతే అర్థం కాదు.) 240 జెడ్ 1969లో వచ్చినప్పుడు ఎస్‌యూ తరహా హిటాచి కార్బురేటర్లు రెండుండేవి. పొగ నిబంధనలు బిగిసేకొద్దీ 1973 నాటికి బరువైన కొత్త కార్బురేటర్లు వచ్చాయి, వేడిలో పెట్రోలు ఆవిరై కారు ఆగిపోతోందని చెడ్డపేరు తెచ్చుకున్నాయి. 1975 మోడల్ నుంచి అమెరికా కార్లకి 2.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, ఎల్-జెట్రానిక్ పెట్టి 280 జెడ్ అన్నారు. డ్రైవరు ఎడమ కాలు పక్కన ఉండే పెట్టె దీని కంప్యూటర్. పేరుకే కంప్యూటర్. దానికి జ్ఞాపకం లేదు, ఎర్రర్ కోడ్ చెప్పదు, చేసిన పనికి ఫలితం ఏమైందో చూసుకోదు. సైలెన్సర్లో ఆక్సిజన్ సెన్సర్ ఆ కార్లకి లేదు. పై నుంచి వచ్చిన మాటని నమ్మి పెట్రోలు కొలిచి పోయడమే దాని ఉద్యోగం.

అందుకే ఇలాంటి కారు రిచ్‌గా నడుస్తుంటే చాలాసార్లు కంప్యూటర్ పాడైనట్టు కాదు, దానికి ఎవరో అబద్ధం చెబుతున్నట్టు. ఎవరన్నది పట్టుకోవాలి.

మొదటి అనుమానితుడు నీటి ఉష్ణోగ్రత సెన్సర్. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువ కావాలి, పాత కారులో చోక్ లాగినట్టు. ఆ సంగతి చెప్పేది ఇదే. చల్లగా ఉంటే దీని రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కేకొద్దీ తక్కువ. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు రెండున్నర వేల ఓమ్‌లు, 80 దగ్గర మూడు వందల పైచిలుకు. ఇక్కడే ఉంది చిక్కు. నలభై ఏళ్ళ తుప్పు పట్టిన కనెక్టర్ తన వంతు రెసిస్టెన్స్ కలుపుతుంది. వైరు తెగితే రెసిస్టెన్స్ అనంతం. రెండిటిలోనూ కంప్యూటర్‌కి తెలిసేది ఒకటే, "బయట గడ్డకట్టే చలి". ఆగస్టు నెల ఫ్రీమాంట్ ఎండలో కూడా అది చలికాలపు కొలత పోస్తూనే ఉంటుంది. సెన్సర్ మాత్రం విప్పి మీటరు పెట్టి చూస్తే నిక్షేపంగా ఉంటుంది. కాబట్టి కొలవాల్సింది సెన్సర్ దగ్గర కాదు, కంప్యూటర్ ప్లగ్గు తీసి ఆ చివర. నిస్సాన్ వర్క్‌షాప్ మాన్యువల్ కూడా అక్కడే మీటరు పెట్టమంటుంది. దారి పొడుగునా ఉన్న ప్రతి అతుకూ ఆ కొలతలో పడుతుంది.

ఇంకో తమాషా, సెన్సర్ నిజం చెప్పినా రిచ్ అవ్వొచ్చు. థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే ఇంజను నిజంగానే వేడెక్కదు. డాష్‌బోర్డు మీద వేడి ముల్లు ఎక్కడుందో చూడమనేది ఇందుకే. పైసా ఖర్చు లేని పరీక్ష.

రెండో అనుమానితుడు ఒత్తిడి. ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో కంప్యూటర్ చెబుతుంది గానీ ఎంత పెట్రోలు వెళ్తుందనేది వెనకున్న ఒత్తిడి మీద ఆధారపడుతుంది. రెగ్యులేటర్ దాన్ని ఇన్‌టేక్ ఒత్తిడి కంటే సుమారు 36 పీఎస్ఐ పైన నిలబెట్టాలి. ఐడిల్‌లో ఇన్‌టేక్ పీల్పు వల్ల గేజ్ మీద అంకె ఇంకా తక్కువ కనపడాలి. ఎక్కువ చూపిస్తే రెగ్యులేటర్ పోయిందా, ట్యాంకుకి తిరిగెళ్ళే గొట్టం మూసుకుపోయిందా చూడాలి. రెగ్యులేటర్ లోపలి పొర చిరిగితే ఇంకా ఘోరం, పెట్రోలు వాక్యూమ్ గొట్టం గుండా నేరుగా ఇంజన్లోకే పోతుంది. ఆ గొట్టం పీకి చూస్తే చాలు. తడిగా ఉందంటే దొంగ దొరికినట్టే.

తరవాత కోల్డ్ స్టార్ట్ వాల్వ్. స్టార్టర్ తిరిగేటప్పుడు, అదీ చల్లని ఇంజన్లో కొన్ని సెకన్లే, అదనపు పెట్రోలు చిమ్మాల్సిన భాగం. సరిగ్గా మూసుకోకపోతే రోజంతా చుక్కలు కారుస్తుంది. ఇంజెక్టర్లూ అంతే. వేడి ఇంజను పావుగంట ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మొరాయించి, నల్ల పొగ ఒక్కసారి కక్కి అంటుకుందంటే ఇలాంటి కారడాన్నే అనుమానించాలి. విప్పి సీసాలోకి కారించి చూడొచ్చు గానీ, పెట్రోలు ఆవిరి, స్టార్టర్ నిప్పురవ్వలు పక్కపక్కన ఉండే పని అది. గ్యారేజ్ తలుపు తెరిచి, అగ్నిమాపక సిలిండర్ చేతికందేలా పెట్టుకోకుండా ముట్టుకోవద్దు.

గాలి తలుపు మీటరుది వేరే కథ, నా దృష్టిలో అసలు చరిత్ర అక్కడే ఉంది. దాని నల్లటి మూత జిగురుతో అతికించి ఉంటుంది. లోపల పళ్ళ చక్రం, దానికో స్ప్రింగు. స్ప్రింగు ఒక పన్ను వదులు చేస్తే తలుపు అదే గాలికి ఎక్కువ తెరుచుకుంటుంది, మిశ్రమం రిచ్ అవుతుంది. ఇప్పుడు ఊహించండి. 1990లలో ఎవరి చేతిలోనో ఉన్న కారుకి రబ్బరు గొట్టాలు ఎండి చిట్లాయి, కారు లీన్ అయి కుదుపుతోంది. గొట్టాలు వెతికే ఓపిక లేక మూత కోసి స్ప్రింగు వదులు చేశారు. కారు బాగానే నడిచింది. ఇంకో ఓనరు నీటి సెన్సర్ వైరులో ఒక చిన్న తిప్పుడు రెసిస్టర్ కలిపాడు, "ఇంకాస్త చల్లగా ఉంది" అని కంప్యూటర్‌ని నమ్మించడానికి. జెడ్ కార్లవాళ్ళలో ఈ చిట్కా బాగా పాకింది, దానికి కొంత న్యాయం కూడా ఉంది. ఇప్పుడు అమెరికాలో అమ్మే పెట్రోల్లో పది శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, దానికి 1975 నాటి లెక్క కంటే కాస్త ఎక్కువ పోయాలి. ఆ తరవాత మూడో మనిషి, పోనీ మనమే అనుకోండి, ప్రేమగా గొట్టాలన్నీ కొత్తవి వేస్తాడు. చిల్లులు పోయాయి, పాత మందులు మిగిలాయి. బాగుచేసిన మర్నాడే కారు నల్ల పొగ కక్కుతుంది. చేసిన పని తప్పు కాదు, ముందు తరాల సర్దుబాట్లు ఇప్పుడు బయటపడ్డాయి. అందుకే మీటరు మూత జిగురు కంపెనీదా, తరవాత పూసిందా అన్నది, వైర్ల కట్టలో కంపెనీ పెట్టని చిన్న పెట్టె ఏదైనా ఉందా అన్నది, కొత్త భాగం ఒక్కటైనా కొనకముందే చూడాలి.

ఇంకొక మారువేషం ఉంది. స్పార్క్ బలహీనంగా ఉంటే ఉన్న పెట్రోలే కాలదు, ప్లగ్గులు నల్లబడి తడుస్తాయి, పెట్రోలు వాసనా వస్తుంది. చూడ్డానికి రిచ్, నిజానికి కాదు. కంటికి తేడా తెలియని ఈ చోటే పొగని కొలిచే యంత్రం కొత్తగా ఏదైనా చెప్పగలిగింది. మిశ్రమం రిచ్ అయితే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. అంటుకోకుండా పోతే మోనాక్సైడ్ మామూలుగానే ఉండి హైడ్రోకార్బన్లు పెరుగుతాయి. రెండంకెలు పక్కపక్కన పెట్టుకున్న మెకానిక్ కార్బురేటర్‌ని తిట్టాలో కాయిల్‌ని తిట్టాలో తేల్చుకోగలిగాడు.

1976లో వోల్వో, కాలిఫోర్నియా కోసం చేసిన కార్లకి ఆక్సిజన్ సెన్సర్ పెట్టడంతో కంప్యూటర్‌కి మొదటిసారి తన పని ఫలితం చూసుకునే వీలు కలిగింది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారూ తన తప్పు తానే కోడ్ రూపంలో చెప్పాలి. రిచ్ అయితే వచ్చేది పీ0172. దాని అర్థం "మిశ్రమం మరీ రిచ్", అంతే. రెగ్యులేటరా, ఇంజెక్టరా, అబద్ధమాడే సెన్సరా అన్నది అందులో ఉండదు. ప్రెషర్ గేజ్, మల్టీమీటర్ పెట్టెలోంచి మళ్ళీ బయటికి తీయాల్సిందే.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి ఒక సంగతి. అక్కడ 1975, అంతకు ముందు మోడల్ కార్లకి స్మాగ్ పరీక్ష లేదు, 1976 నుంచి ఉంది. అంటే 280 జెడ్ మొదటి ఏడాది కారుకి మినహాయింపు, అచ్చం అలాగే ఉండే రెండో ఏడాది కారుకి రెండేళ్ళకోసారి పరీక్ష. కొనేముందు తలుపు చట్రం మీద తయారీ నెల చూసి ఊరుకోకండి, కాగితాల్లో మోడల్ సంవత్సరం ఏదో చూడండి. పరీక్షకి వెళ్ళేరోజు ఆయిల్‌కి పెట్రోలు వాసన వస్తుంటే అది ముందే మార్చండి, ఆ ఆవిరి కూడా వెంటిలేషన్ గొట్టం గుండా ఇంజన్లోకే వెళ్ళి అంకెలు పెంచుతుంది. ఇంజను బాగా వేడెక్కేదాకా ఫ్రీవే మీద తిప్పి, ఆపకుండా నేరుగా లైన్లోకి వెళ్ళండి.